తొట్టిలో దీపం

చిత్రావతి పొంగి బాగేపల్లి దగ్గర వంతెన మీదుగా ఎర్రనీళ్ళు పారిన ఏడాది ఇది జరిగింది. ఆ కార్తీకంలో మా వైపు చెరువులన్నీ నిండి మరవ పారాయి. ఎండిపోయి ముళ్ళచెట్లు మొలిచిన బావుల్లో కూడా నీళ్ళు కనబడ్డాయి. జనం టెంకాయలు కొట్టి, పూలు వేసి చూసి వచ్చారు. చింతామణి రోడ్డులో మా పట్టు ఫ్యాక్టరీ వెనక ఉన్న తొట్టి కూడా నిండింది. దాన్ని చూడటానికి ఎవరూ పోలేదు.

ఆ ఫ్యాక్టరీలో నేను బాయిలరుకు కట్టెలు వేసేవాణ్ణి. పట్టుగూళ్ళను వేడినీళ్ళలో ఉడకబెట్టి నూలు తీస్తారు. నూలు తీయగా లోపలి పురుగు మిగులుతుంది. పురుగులను ఎత్తి ఎరువుకు అమ్ముతారు గానీ, చితికినవి, నీళ్ళలో కలిసినవి కాలువ పట్టి వెనక తొట్టిలోకి పోతాయి. ఆ తొట్టి మనిషిన్నర లోతు. పైన కాంక్రీటు పలక, పలకలో మనిషి దూరేంత సందు, ఆ సందుకు ఒక మూత. లోపలికి దిగడానికి గోడకు ఇనుప మెట్లు. ఏడాదికోసారి అడుగున పేరిన బురద ఎత్తాలి. ఆ పనికి పాతపాళ్య నుంచి ఆంజనేయప్ప గుంపు వచ్చేది.

ఆంజనేయప్పది, నాది ఒకే ఊరు. నాకన్నా కొంచెం పెద్ద. బావులు తవ్వే కాలంలో అతను మేస్త్రీ, నేను అతని కింద మనిషిని. బోర్లు వచ్చాక బావుల పని పోయింది. నా మోకాలు చెడి నేను బాయిలరు దగ్గర కుదిరి, కాపురం చింతామణికి మార్చాను. అతను మాత్రం పార, తట్ట వదల్లేదు. సంపులు, తొట్లు, గుంతలు, ఏది పిలిస్తే అది శుభ్రం చేసేవాడు.

బావిలో దిగే ముందు దీపం దించడం మా పనిలో ఆచారం. గాజు బుడ్డి ఉన్న లాంతరు, దాని పిడికి తాడు. మేస్త్రీ వెలిగించి, దండం పెట్టి, అడుగుదాకా దించుతాడు. ఒక ఆకువక్క నమిలేంతసేపు అక్కడే ఉంచుతాడు. ఆ సేపు ఎవరూ మాట్లాడరు. దీపం ఆరితే లోపల గాలి చెడిందని అర్థం, ఎవరూ దిగరు. వెలిగితే దిగుతారు. దానికి ఇంకో కట్టు కూడా ఉంది. దీపం దించినవాడి ఇంటిమనిషే మొదట దిగాలి. ఊరివాళ్ళ బిడ్డలను దింపి తన బిడ్డను గట్టున కూర్చోబెట్టుకునే మేస్త్రీని మా వాళ్ళు నమ్మరు.

సాదలి దగ్గర ఒక పాడుబావిలో దీపం దించిన ప్రతిసారీ ఆరింది. పొలం యజమాని ఎగతాళి చేశాడు, చమురు తక్కువైంది పోయించుకోండప్పా అన్నాడు. ఆంజనేయప్ప కదల్లేదు. వేపమండలు మోపు కట్టి లోపలికి దించి, పొద్దు వాలేదాకా పైకీ కిందికీ ఊపాం, నీళ్ళు చల్లాం. మర్నాడు దీపం నిలిచింది, దిగాం. దీపం లేకుంటే ముందురోజే అతని తమ్ముడు, వాని వెనక నేను దిగి ఉండేవాళ్ళం. ఆ దీపం వల్ల మేమందరం పెండ్లాం బిడ్డలతో బతికి ముసలివాళ్ళమయ్యాం. అతనికి దాని మీద ఉన్న నమ్మకం ఊరికే వచ్చింది కాదు.

వానలు నిలిచాక ఫ్యాక్టరీలో సురక్షతా తరబేతి అని, ప్రమాదాలు రాకుండా నేర్పించే క్లాసు పెట్టారు. చిక్కబళ్ళాపురం నుంచి రక్షిత అనే అమ్మాయి వచ్చింది. ఇట్లాంటి ఫ్యాక్టరీలు ఇంకా చాలా ఆమె చూసుకోవాలి, నెలకోసారి మా దగ్గరికి వచ్చేది. నూలు తీసే ఆడవాళ్ళను, ఆఫీసు వాళ్ళను షెడ్డులో కూర్చోబెట్టి, గోడ మీద బొమ్మలు వేసి, సగం కన్నడలో సగం తెలుగులో చెప్పింది. నేను వాకిట్లో నిలబడి విన్నాను.

కుళ్ళిన పురుగు బురదలో నుంచి ఒక చెడ్డ గాలి పుడుతుందని ఆమె చెప్పింది. మొదట కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. గాలి ఎక్కువైతే ముక్కు చచ్చిపోయి వాసన తెలియకుండా పోతుంది. వాసన పోయింది కదా అని మనిషి ధైర్యంగా నిలబడతాడు, అంతలోనే పడిపోతాడు. వాడిని ఎత్తడానికి ఇంకొకడు దిగుతాడు, వాడూ పడతాడు. ఇట్లా ఒకరి వెనక ఒకరు పోయిన ఫోటోలు చూపించింది. ఒకరు పడితే ఇంకొకరు దిగకూడదు, పట్టి ఆపాలి అని గట్టిగా చెప్పింది.

ఆంజనేయప్ప కోడలు ప్రేమ ఆ షెడ్డులోనే నూలు తీసేది. ఆమె లేచి అడిగింది.

"వాసన రాకుంటే పరిగెత్తమంటాండారు మేడం. ఈ షెడ్డులో మాకు వాసన తెలీక ఎన్నాళ్ళయిందో. మేము ఇప్పుడు పరిగెత్తాల్నా, ఇంగ కూర్చోవాల్నా?"

అందరూ నవ్వారు. రక్షిత కూడా నవ్వింది. తర్వాత తొట్టి శుభ్రం చేసేది ఎవరు, వాళ్ళు ఇక్కడున్నారా అని అడిగింది. మేనేజరు నందీశ్ లేచి, వాళ్ళు మనవాళ్ళు కాదు మేడం, గుత్తకు వచ్చేవాళ్ళు, హాజరులో లేరు అన్నాడు. అయితే వచ్చే నెల వాళ్ళను కూడా పిలవండి, అంతవరకు తొట్టి మూత తీయద్దు అని ఆమె చెప్పింది. అరచేతిలో పట్టే పసుపుపచ్చ డబ్బా ఒకటి చూపించి, ఇది మీ ఫ్యాక్టరీకే అంది. చెడ్డ గాలి తగిలితే అది కూత పెడుతుందట. చాలా విలువైనదని చెప్పగానే నందీశ్ దాన్ని రెండు చేతులా అందుకుని, ఆఫీసు బీరువాలో పెట్టి బీగం వేశాడు.

ఆమె కారెక్కే ముందు నేను దగ్గరికి పోయాను. దీపం దించితే తెలియదా అని అడిగాను.

"ఈ గాలికి దీపం ఆరదప్పా," అంది ఆమె. "మనిషిని చంపేంత ఉన్నా దీపానికి ఏమీ కాదు. ఒక్కోసారి మంట అంటుకుంటాది కూడా. మీ వాళ్ళకు మీరు చెప్పండి."

నేను మాటలు తక్కువ మనిషిని. గోడన్నా వానొస్తే పెచ్చులూడుతుంది, ఈయప్ప నోట్లో నుంచి అదీ రాలదు అని నా భార్య కెంపమ్మ ఊరంతా చెప్పుకుంటుంది. అయినా చెబుతానని ఆ అమ్మాయికి మాటిచ్చాను.

వచ్చే నెల దాకా తొట్టి ఆగలేదు. వరద తెచ్చిన ఒండు కాలువకు అడ్డం పడి, మురికినీళ్ళు షెడ్డులోకి ఎదురు తన్నాయి. ఆడవాళ్ళు చీలమండల దాకా ఆ నీళ్ళలో నిలబడి నూలు తీశారు. కొందరికి కాళ్ళకు పుండ్లు లేచాయి. పని నిలపలేరు, గూళ్ళు కొని ఉన్నాయి, ఆలస్యమైతే పురుగు గూడు తొలిచి బయటికి వస్తుంది. నందీశ్ ఆంజనేయప్పకు ఫోన్ చేశాడు. గుంపు వచ్చిన రోజు నందీశ్ ఊళ్ళో లేడు, యజమాని ఇంట్లో శుభకార్యానికి బెంగళూరు పోయాడు. బీరువా బీగంచెవి అతని జేబులోనే ఉంది. ఆఫీసు గుమాస్తా ఫోన్ చేసి, ఆ డబ్బా సంగతి ఏమి చేయాలని అడిగాడు. వాళ్ళు ఎన్నేండ్ల నుంచో చేస్తాండారు, వాళ్ళ దీపం వాళ్ళకుంది కదా, కానివ్వు అని చెప్పాడట. ఫోన్ పెట్టేసి గుమాస్తా ఆ మాట మాకు చెప్పాడు. ఆంజనేయప్పకు ఆ మాట మర్యాదగా తోచింది. మా దీపం గురించి మేనేజరుకు కూడా తెలుసు చూడు అన్నాడు.

గుంపులో అతని కొడుకు రవీంద్ర, ఊరివాళ్ళు ఇద్దరు. మూత జరపగానే వాసన కొట్టింది. ఆంజనేయప్ప గంపలో నుంచి లాంతరు తీశాడు. నేను కట్టెల దగ్గర పని వదిలి పోయాను.

"అన్నా, ఈ గాలికి దీపం ఆరదంట."

అతను తాడు ముడి వేస్తూనే అడిగాడు. "ఎవురు చెప్పినారు?"

"సేఫ్టీ మేడం."

"ఆయమ్మ ఎన్ని బావులు దిగిండాది?"

రవీంద్ర నవ్వాడు. ముప్పై ఏండ్లవాడు, నవ్వితే అచ్చం వాళ్ళ నాయనే. "మా ఇంట్లోనూ ఇదే పురాణం చిన్నాయనా. ముక్కు చస్తాదంట. ఈ షెడ్డుకొచ్చి ప్రేమ ముక్కు ఎప్పుడో చచ్చింది. లేకుంటే నా పక్కన పండుకుంటాదా?"

ఊరివాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మేడం వచ్చేదాకా ఆగమని ఇంకోసారి అన్నాను. ఆంజనేయప్ప లాంతరును నా మొహం ముందు పెట్టి పట్టుకున్నాడు.

"సాదలి బావిలో నిన్ను కాపాడింది మేడమా, ఇదా?"

కాపాడింది అదే.

దీపం దించాడు. ఆకువక్క నోట్లో వేసుకున్నాడు. అందరూ మూగగా నిలబడ్డారు. షెడ్డులో యంత్రం తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. వంగి చూస్తే కింద నల్లటి బురద మీద దీపం వెలుగుతూ ఉంది. వణుకు కూడా లేదు. ఆంజనేయప్ప ఉమ్మేసి తల ఊపాడు. రవీంద్ర పంచె ఎగ్గట్టి ఇనుప మెట్ల మీద దిగాడు. లోతు బావుల్లోనైతే నడుముకు తాడు కడతాం. ఇది మనిషిన్నర లోతే కదా అని కట్టలేదు. లాంతరును అక్కడే ఒక మెట్టుకు తగిలించుకున్నాడు.

మొదటి బకెట్టు నింపి పంపాడు. బురద మోకాళ్ళ దాకా ఉందని, అడుగున చల్లగా ఉందని చెప్పాడు. రెండోది నింపడానికి కాలు జరిపాడు, బురద కదిలి బుడగలు లేచాయి.

"నాయనా, వాసన పోయింది," అన్నాడు.

"గాలి ఆడుతాండాది," అన్నాడు ఆంజనేయప్ప, ఊరివాళ్ళ వైపు తిరిగి, సంతోషంగా.

నేను విన్నాను. పైకి రమ్మని అరిచానో, నోరు తెరిచానో, ఇప్పటికీ సరిగా చెప్పలేను. రవీంద్ర తల ఎత్తి మా వైపు చూశాడు. ఏదో అడగబోయినట్టు చూశాడు. బకెట్టు చేతిలో నుంచి జారింది. తర్వాత మోకాళ్ళ మీద కూలబడి, బురదలోకి మొహం పెట్టి పడ్డాడు.

ఆంజనేయప్ప అప్పటికే ఒక కాలు సందులో పెట్టాడు. నేను వెనక నుంచి అతని నడుము పట్టుకున్నాను. కట్టెలు మోసిన చేతులు నావి, విడిపించుకోలేకపోయాడు. మోచేత్తో నా మొహం మీద కొట్టాడు. నా పన్ను ఒకటి ఊడింది. విడువు, దీపం వెలుగుతాండాది చూడు, విడువు అని కొడుకు పేరు పిలుస్తూ కొట్టాడు. నేను అతన్ని వెనక్కి లాగి, నేల మీద పడేసి, పైన పడుకున్నాను. ఊరివాళ్ళలో ఒకడు దిగబోతే వాడి కాలు కూడా పట్టుకున్నాను. ప్రేమ షెడ్డులో నుంచి వచ్చి నిలబడింది. ఆమె దిగడానికి పోలేదు. ఆమె తరబేతిలో కూర్చున్న మనిషి, ఏమి జరిగిందో ఆమెకు తెలుసు. నీళ్ళు కారే చేతులు అట్లాగే ముందుకు పట్టుకుని నిలబడింది.

చింతామణి నుంచి ఫైర్ బండి వచ్చింది. మొహానికి తొడుగు వేసుకున్న ఒకతను దిగి రవీంద్రను తాడుకు కట్టి పైకి పంపాడు. తర్వాత లాంతరు పట్టుకుని ఎక్కాడు. అది వెలుగుతూనే ఉంది. ఆంజనేయప్ప కొడుకును చూశాడు, లాంతరును చూశాడు, మళ్ళీ కొడుకును చూశాడు.

ఆసుపత్రిలో డాక్టరు విషపు గాలి అని చెప్పాడు. అందరికీ అర్థమైంది, ఆంజనేయప్పకు తప్ప. కర్మాంతరం రోజు నేను పాతపాళ్య పోయాను. అతను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. లాంతరు పక్కనే ఉంది. అంతమందిలో నాతో చెప్పాడు.

"దీపం ఆరలేదు. గాలి ఉన్నింది. వానికి కండ్లు తిరిగి పడినాడు, అంతే. నువ్వు పట్టుకోకుండా ఉంటే నేను మెడ పట్టి పైకి లాగేవాణ్ణి. నా కొడుకును నువ్వు బురదలో ముంచి చంపినావు."

దీపం వెలిగిందన్న మాట అబద్ధం కాదు. ఒకే తట్టలో అన్నం తిన్నవాళ్ళం, ఆ రోజు తర్వాత మాటలు లేవు. చింతామణి బస్టాండులో కనబడితే అటు తిరిగి నిలబడేవాడు.

మార్చిలో ఫ్యాక్టరీలో సురక్షతా సప్తాహం చేశారు. తొట్టికి ఎర్రరంగు కొట్టి, చుట్టూ గొలుసు కట్టి, కన్నడలో బోర్డు పెట్టారు. పందిరి వేశారు. బెంగళూరు నుంచి యజమాని మనుషులు వచ్చారు. నాకు శాలువా కప్పి, మైసూరు పేటా పెట్టారు. నందీశ్ మైకులో మాట్లాడాడు. ఒక ప్రాణం పోవడం మన దురదృష్టం, కానీ మనం ఇచ్చిన తరబేతి వల్ల ఇంకొక ప్రాణం నిలిచింది, ఈ మునిశామప్పే దానికి సాక్షి అని నా వైపు చెయ్యి చూపాడు. రక్షిత కుర్చీలో తల వంచుకుని కూర్చుంది. నన్ను రెండు మాటలు చెప్పమని మైకు ఇచ్చారు.

"దిగేవాళ్ళను పిలవలేదు," అన్నాను.

ఇంకా ఏమైనా చెబుతానేమో అని చూశారు. నేను మైకు తిరిగి ఇచ్చేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజు పొద్దున్నుంచి దేనికైనా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

భోజనాల దగ్గర ప్రేమ నా ఆకు పక్కకు వచ్చి నిలబడింది. ఆమె మనిషి సగమైపోయింది. తరబేతి బాగుందని మైకులో అంటారు, నేను విని ఇంటికి పోయి చెప్తే నా మొగుడు నవ్వినాడు, ఆయన నవ్వినాడని నేనూ నవ్వినాను అంది. తర్వాత అసలు మాట చెప్పింది.

"రేపు పొద్దున మామ మళ్ళా దిగుతాండాడు చిన్నమామా. శిడ్లఘట్ట రోడ్డులో ఇంకో పట్టు ఫ్యాక్టరీ ఉండాది కదా, ఆ తొట్టికి. ఇంగ మా ఇంట్లో దిగే మగమనిషి ఎవరుండారు? తానే మొదట దిగుతాడంట. దీపం తుడిచి పెట్టుకునుండాడు."

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పినా. దీపం ఆరలేదు అంటాడు. దిగి పైకొచ్చి చూపిస్తాడంట, నీకూ నాకూ. పైకి రావాలని ఆయనకు ఉండాదో లేదో నాకు తెలీదు. నువ్వే ఏమన్నా చెయ్యి."

నేను ఆకు మడిచి లేచి రక్షిత దగ్గరికి పోయాను. ఆమె అంతా విని వెంటనే ఫోన్ తీసింది. ఆ ఫ్యాక్టరీ తన కింద లేదని, అయినా అడుగుతానని చెప్పింది. అవతలి వాళ్ళు మా దగ్గర అనుభవం ఉన్నవాళ్ళే దిగుతారు మేడం, మీరు బాధపడకండి అన్నారు. ఆ పసుపు డబ్బా అడిగాను. అది బీరువాలో ఉండి ఉండి పనిచేయడం మానేసిందని, బాగుచేయడానికి బెంగళూరు పంపారని, తిరిగి పంపమని తాను రాసినా ఇంకా రాలేదని చెప్పింది. ఆ పిల్ల కండ్లలో నీళ్ళు తిరిగాయి. నేను తప్పు పట్టడానికి పోలేదని చెప్పి వచ్చేశాను.

ఇంటికి పోయి అరుగు మీద కూర్చున్నాను. ఆంజనేయప్పకు ఎవరి మాటా పట్టదు. డాక్టరు చెప్పాడు, కోడలు చెప్పింది, నేను ముందే చెప్పాను. అతను చూసింది ఒకటే, దీపం వెలగడం. చూసినదాన్ని మాటతో కొట్టేయలేము. ఇంకొకటి చూపించాలి. దీపం నూనె తాగుతుంది, మనిషి గాలి పీలుస్తాడు. పీల్చేది ఏదన్నా దీపం పక్కన పెట్టి దించాలి.

కెంపమ్మ కోళ్ళను గంప కింద మూస్తూ ఉంది. ఒక పెట్ట కావాలని అడిగాను. ఏంటికి అంది. ఆంజనేయప్పకు అన్నాను. అతను నాతో మాట్లాడడని ఆమెకు తెలుసు. కాసేపు నా మొహం చూసి, గుడ్లు పెట్టే ఎర్రపెట్టను వదిలి నల్లపెట్టను పట్టి, కాళ్ళకు గుడ్డపీలిక కట్టి ఇచ్చింది.

మర్నాడు పొద్దున పెట్టను, ఒక గంపను పట్టుకుని మొదటి బస్సులో పోయాను. ఆ ఫ్యాక్టరీ వెనక గుంపు అప్పటికే చేరింది. మూత తీసి ఉంది. ఆంజనేయప్ప లాంతరు వెలిగించి, దండం పెట్టుకుంటున్నాడు. పంచె ఎగ్గట్టి ఉన్నాడు. ఆ కాళ్ళు ఎంత సన్నబడ్డాయో అప్పుడు చూశాను. నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు.

"మళ్ళా పట్టుకునేదానికి వచ్చినావా?"

"లేదు. నీ దీపం ఇయ్యి."

ఇవ్వలేదు. నేను అతని చేతిలో నుంచి తీసుకోలేదు. నా గంపకు తాడు కట్టి, నల్లపెట్టను అందులో పెట్టి, అతని ముందు పట్టుకున్నాను. "దీపం కూడా దీంట్లో పెట్టు. ఆకువక్క నమిలేదాకా చూడు. రెండూ బాగుంటే దిగు. నేను నీ వెనకనే దిగుతా."

ఊరివాళ్ళు అతని వైపు చూశారు. మేస్త్రీ దీపం దించనని అనలేడు. లాంతరును గంపలో, పెట్ట పక్కన పెట్టాడు. తాడు నేను అతని చేతికే ఇచ్చాను. మొహాలు సందుకు దూరంగా పెట్టమని అందరికీ చెప్పాను. అతను గంపను అడుగుదాకా దించాడు. దీపం వెలుగుతూ ఉంది. పెట్ట మెడ అటూ ఇటూ తిప్పుతూ కొక్కొక్కమంటూ ఉంది. అతను ఆకువక్క నోట్లో వేసుకుని నా వైపు చూశాడు. చూసినావా అన్నట్టు.

నేను పక్కనున్న పొడుగాటి వెదురుగడ తీసుకున్నాను. మనిషి దిగితే ఊరికే నిలబడడు, కాళ్ళు బురదను కలుపుతాయి అని చెప్పి, గడను లోపలికి దూర్చి అడుగును బాగా కలిపాను. బుడగలు లేచాయి. గుప్పుమని వాసన కొట్టింది. పెట్ట అరుపు నిలిచిపోయింది. రెక్కలు ఒకసారి విప్పింది. మెడ గంప అంచు మీద వాలింది. దీపం అట్లాగే వెలుగుతూ ఉంది.

ఆంజనేయప్ప నోట్లో ఆకు ఇంకా నమలడం కాలేదు.

గంపను అతనే పైకి లాగాడు. దాన్ని నేల మీద పెట్టి, గొంతుక్కూర్చున్నాడు. పెట్టను చేతిలోకి తీసుకుని, దాని తల ఎత్తి చూశాడు, చెయ్యి వదిలితే అది వాలిపోయింది. లాంతరు గాజు మీద అరచెయ్యి పెట్టాడు, కాలుతుందో లేదో చూసినట్టు.

"వానికీ ఇంతసేపేనా?" అన్నాడు.

"ఇంతసేపే."

"నన్ను పిలిచింటాడా?"

"లేదన్నా. అంత టైము లేదు."

అతను తల ఊపాడు. ఆకువక్క ఉమ్మేశాడు. దీపం ఊది ఆర్పలేదు, వత్తి తగ్గించి, అదే ఆరేదాకా చూస్తూ కూర్చున్నాడు. ఊరివాళ్ళలో ఒకడు అన్నా పోదామా అని అడిగితే వినబడలేదు.

మూత జరపడానికి నేను వంగాను. ఒక్కడి వల్ల కాలేదు. అతను లేచి వచ్చి అవతలి కొస పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి మూత వేశాం. నేను దాని మీద కూర్చున్నాను. ఆ ఫ్యాక్టరీ మేనేజరు స్కూటరు మీద వచ్చి, ఇంకా పని ఏంటికి మొదలుపెట్టలేదని అడిగేదాకా అక్కడే కూర్చున్నాను. అడిగినాక కూడా లేవలేదు.